నడుము నొప్పికి గట్టి పరుపే మంచిదా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 44. ఏడాదిగా నడుము నొప్పి. దూది పరుపు తీసేసి ఫోమ్ పరుపు కొందామని వెళ్తే హై డెన్సిటీ, ఆర్థో, మెమరీ ఫోమ్, లేటెక్స్ అంటూ రకరకాలు చూపించారు. గట్టిదే తీసుకోమంటున్నారు. మా అబ్బాయికి ఆస్తమా ఉంది. ఏది కొనాలి?

జవాబు: గట్టిదే కొనాలన్న ఆలోచన ముందు పక్కన పెట్టండమ్మా. దీర్ఘకాలం నడుము నొప్పి ఉన్న 313 మందిపై స్పెయిన్‌లో చేసిన ఒక అధ్యయనం 2003లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. అందులో సగం మందికి గట్టి పరుపులు, మిగతావారికి మధ్యరకం పరుపులు ఇచ్చి మూడు నెలలు చూస్తే, మధ్యరకం వాళ్లకే నొప్పి బాగా తగ్గింది.

డెన్సిటీ అంటే గట్టిదనం కాదు, ఘనపు మీటరు ఫోమ్ ఎన్ని కిలోలు తూగుతుందన్న లెక్క. అది ఎక్కువుంటే పరుపు త్వరగా కుంగదు, అంతే. ఒకే డెన్సిటీలో మెత్తనిదీ ఉంటుంది, గట్టిదీ ఉంటుంది. ఆర్థో పేరుతో అమ్మే వాటిలో చాలావరకు రీబాండెడ్ ఫోమ్ ఉంటుంది, అంటే మిగిలిపోయిన పాలీయురేథేన్ (మామూలు ఫోమ్ తయారయ్యే ప్లాస్టిక్) ఫోమ్ ముక్కల్ని జిగురుతో కలిపి నొక్కి చేసింది. అడుగు పొరగా అది బాగుంటుంది కానీ పైన మెత్తటి పొర లేకపోతే, పక్కకు తిరిగి పడుకునేవారికి భుజం, తుంటి నొక్కుకుపోతాయి. మెమరీ ఫోమ్ కూడా పాలీయురేథేనే, 1966లో నాసా కోసం విమాన సీట్లకని తయారైంది. ఒంటి వేడికి మెత్తబడి శరీరాకారానికి ఒదుగుతుంది, కానీ ఆ వేడిని పట్టి ఉంచుతుంది కాబట్టి మన ఎండాకాలంలో ఏసీ లేని గదికి నేను సిఫార్సు చేయను. రబ్బరు పాలతో చేసే లేటెక్స్‌లో గాలి ఆడుతుంది, ఎక్కువకాలం మన్నుతుంది, ధరా ఎక్కువే. ఇంట్లో ఎవరికైనా రబ్బరు గ్లౌజులు పడవంటే మాత్రం వద్దు. తెల్లటి ప్యాకింగ్ ఫోమ్ (ఈపీఈ) పొరలతో చేసిన చవక పరుపులు అసలు కొనకండి, గాలి ఆడదు, తొందరగా అణిగిపోతాయి.

షాపులో మొహమాటపడకుండా పది నిమిషాలు పడుకుని చూడండి. వెల్లకిలా పడుకున్నప్పుడు నడుము కింద చెయ్యి వదులుగా దూరిపోతే అది మీకు మరీ గట్టిది, తుంటి లోపలికి కుంగి చెయ్యి అసలు దూరకపోతే మరీ మెత్తన.

బాబు విషయానికొస్తే, కొత్త ఫోమ్ వాసన కొందరు ఆస్తమా పిల్లలకు పడదు. వాసన పోయేదాకా గాలి ఆడే వేరే గదిలో ఉంచండి. దూది పరుపులా ఎండలో మాత్రం వేయకండి, ఎండకు ఫోమ్ పసుపెక్కి పొడిపొడిగా రాలుతుంది. ఫోమ్‌లో కూడా ఆస్తమాను రేపే, కంటికి కనపడని దుమ్ము పురుగులు చేరతాయి, అందుకే పరుపు మొత్తానికి జిప్ కవర్ వేసి, దుప్పట్లు వారానికోసారి వేడినీళ్లలో ఉతకండి.

ఒకటి మాత్రం మర్చిపోవద్దు. ఏడాది నొప్పిని పరుపు మీదే వదిలేయకుండా ఒకసారి ఆర్థోపెడిక్ డాక్టర్‌కి చూపించండి. కాలు తిమ్మిరెక్కి బలం తగ్గుతున్నా, జ్వరం వస్తున్నా, బరువు తగ్గుతున్నా ఆలస్యం చేయకండి. మూత్రం మీద అదుపు తప్పితే అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి.