యూదుల బైబిల్‌కి తనఖ్ అన్న పేరెలా వచ్చింది? 24 పుస్తకాలేనా?

తనఖ్ అనేది అసలు పేరు కాదండీ, షార్ట్‌కట్. తోరా (ధర్మశాస్త్రం), నెవీయీమ్ (ప్రవక్తలు), కెతువీమ్ (రచనలు), ఈ మూడు భాగాల మొదటి అక్షరాలు కలిపితే వచ్చింది, చివర్లో క కాస్తా ఖ్ అయిపోతుంది.

తోరా పుస్తకాల పేర్లయితే ఇంకా సింపుల్, మొదట్లో వచ్చే మాటే పేరు. మొదటిది 'బెరేషీత్', అంటే ఆదియందు. నాలుగోది 'బమిద్బార్', అంటే అరణ్యంలో, ఆ మాట మొదటి వాక్యంలోనే ఉంటుంది. మరి మనం సంఖ్యాకాండం అంటాం కదా, అది గ్రీకు అనువాదం పెట్టిన పేరు, అందులో జనాభా లెక్కలున్నాయని వాళ్ళు అలా పిలిచారు, ద్వితీయోపదేశకాండం కూడా ఆ గ్రీకు దారిలో వచ్చిందే.

ఇక 24 అంటారా, మన పాత నిబంధనలో (ప్రొటెస్టెంట్లది) 39 ఉన్నాయని కంగారు పడక్కర్లేదు, సరుకు అదే, లెక్క వేరు. సమూయేలు, రాజులు, దినవృత్తాంతాలు మనకి రెండేసి, వాళ్ళకి ఒక్కొక్కటే, ఎజ్రా నెహెమ్యా కలిపి ఒకటి, హోషేయ నుంచి మలాకీ దాకా 12 మంది చిన్న ప్రవక్తలూ కలిపి ఒకటే పుస్తకం.

నాకు విచిత్రంగా అనిపించేది దానియేలు, మనం ప్రవక్త అంటామా, వాళ్ళేమో ఆ పుస్తకాన్ని కెతువీమ్‌లో పెట్టారు.