ఎనిమిది వేలు కట్టొద్దన్నా, పాప చేతనే చేయించండి

బంగారుపాళెం దగ్గర్నుంచి ఒక మామిడి రైతు అడిగారు: "మా పాప చిత్తూరులో బీఎస్సీ రెండో సంవత్సరం. కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్ కింద మా ఊరూ పక్క ఊర్లూ తిరిగి 28 మంది తోతాపురి రైతుల్ని ధరల గురించి అడిగి రిపోర్ట్ రాసింది. ఇప్పుడు వాళ్ళ మేడమ్ అందరినీ ఈ-పోర్ట్‌ఫోలియో పెట్టుకోమన్నారంట. తిరుపతిలో ఒకాయన 8 వేలకు వెబ్‌సైట్ చేసిస్తానన్నాడు. కట్టేదా? దాంతో ఉద్యోగం వస్తుందా? ఆడపిల్ల వివరాలు నెట్‌లో పెడితే ఇబ్బంది లేదా?"

అన్నా, ఈ-పోర్ట్‌ఫోలియో అంటే పాప చేసిన పనుల్ని నెట్‌లో చూపించే సొంత పేజీ. ముందు డబ్బు సంగతి. కట్టొద్దు. బ్లాగర్ అని గూగుల్‌దే ఒకటుంది, పైసా అక్కర్లేదు, జీమెయిల్ ఉంటే పాప ఒక గంటలో పేజీ తెరిచేస్తుంది. ఇంకొకరు చేసిచ్చిన వెబ్‌సైట్ అయితే రేపు ఒక ఫొటో మార్చాలన్నా ఆయనకే ఫోన్ చేయాలి, పాస్‌వర్డ్ ఆయన దగ్గరే ఉంటుంది, మళ్ళీ ఏడాదికోసారి డబ్బు అడుగుతాడు. ఇది నాలుగైదేళ్ళు కొంచెం కొంచెంగా పెరగాల్సిన పని, అందుకని మొదటి రోజు నుంచీ పాప చేతిలోనే ఉండాలి.

ఉద్యోగం, పై చదువు గురించి నిజం చెప్తాను. పోర్ట్‌ఫోలియో చూసి ఎవరూ సీటు ఇవ్వరు. మన రాష్ట్రంలో పీజీ సీట్లకి రాసే ఏపీ పీజీసెట్ అయినా, ఐఐటీల్లో ఎమ్మెస్సీకి రాసే జామ్ అయినా ర్యాంకే లెక్క. పోర్ట్‌ఫోలియో పనికొచ్చే చోటు వేరే. ఏర్పేడు దగ్గర ఐఐటీ తిరుపతి, సైన్స్ చదువులూ పరిశోధనా జరిగే ఐసర్ తిరుపతి రెండూ ఉన్నాయి కదా, అక్కడి ప్రొఫెసర్‌కి వేసవి ఇంటర్న్‌షిప్ అడుగుతూ పాప మెయిల్ రాసిందనుకోండి, "నేను కష్టపడి చదువుతాను" అని ఎంత రాసినా అలాంటివి ఆయన చాలా చూసుంటారు. దాని కింద "నేను 28 మంది రైతులతో చేసిన పని ఇక్కడ ఉంది" అని ఒక లింక్ ఉంటే ఆగి చూస్తారు. సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్ ఉంది, దానికి ఏం చేయాలనుకుంటున్నావో నీ మాటల్లో రాయమంటారు, ముందే రాసి పెట్టుకున్న పిల్లకి ఆ రోజు టెన్షన్ ఉండదు. రేపు మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ల్యాబ్‌లోనో ఒక ఎన్జీవోలోనో ఇంటర్వ్యూకి కూర్చున్నా, ఏం చేశావమ్మా అన్నప్పుడు చూపించడానికి ఒకటుంటుంది.

ఏం పెట్టాలన్నదే అసలు ప్రశ్న. నా దగ్గరికొచ్చే పిల్లలు చాలామంది సర్టిఫికెట్ల ఫొటోలు వరసగా అతికించేస్తారు. వాటిని ఎవరూ చదవరు అన్నా. ప్రభుత్వ యాప్ డిజిలాకర్‌లోకి వచ్చేవి అక్కడ ఉంటాయి, మిగతావి ఫైల్లో దాచండి, అడిగినప్పుడు ఇస్తే చాలు. పేజీలో పాప చేసిన పని కనబడాలి.

2025 సీజన్‌లో తోతాపురి ధర పడిపోయి, ఫ్యాక్టరీలు కిలోకి 8 రూపాయలు ఇవ్వాలని, తాము 4 కలుపుతామని ప్రభుత్వం చెప్పిన సంగతి మీకు నేను చెప్పేదేముంది, కాయ పండించింది మీరే. ఆ ధరల గురించి రైతు ఇంటికే పోయి అడిగొచ్చిన పాప దగ్గర ఉన్నది చాలా విలువైన సమాచారం. దాన్ని రిపోర్ట్ భాషలో వద్దు, జరిగింది జరిగినట్టు రాయమనండి. ఎందుకు ఈ ప్రశ్న పట్టుకుంది, మొదట రాసుకున్న ప్రశ్నల కాగితం ఎలా ఉంది (ఆ కాగితం ఫొటో తప్పకుండా పెట్టాలి, కొట్టివేతలతో సహా), ఏ ప్రశ్నకి రైతులు సరిగా చెప్పలేకపోయారు, దాన్ని ఎలా మార్చింది. టన్నుల్లో అడిగితే ట్రాక్టర్ లోడ్లలో చెప్పుంటారు, అప్పుడు లెక్క ఎలా కట్టింది? తర్వాత ఒక చిన్న పట్టిక, తనకి తెలిసినవి నాలుగు ముక్కలు, తేల్చలేకపోయినది ఒకటి. ఆ చివరిది దాచొద్దు. అక్కడే చదివేవాళ్ళకి ఈ పిల్ల ఆలోచిస్తుంది అని అర్థమవుతుంది. పోయినేడాది ఒకబ్బాయి నలభై పేజీల రిపోర్ట్ పీడీఎఫ్ మొత్తం ఎక్కించి నా దగ్గరికొచ్చాడు, నేనే మూడో పేజీ దాటలేకపోయాను. ఇద్దరం కూర్చుని దాన్ని ఒక పేజీకీ రెండు ఫొటోలకీ తెచ్చాం.

తెలుగులోనే రాయనివ్వండి, మనసులో ఉన్నది అందులోనే బాగా వస్తుంది. పైన ఐదారు వాక్యాలు ఇంగ్లీష్‌లో సారాంశం పెడితే బయటివాళ్ళకీ అందుతుంది. ఆ వాక్యాలు కూడా చాట్‌జీపీటీ చేత రాయించొద్దు. తప్పులు దిద్దించుకోవచ్చు, కానీ ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే ఎవరు రాశారో తెలిసిపోతుంది.

పాప వివరాలు నెట్‌లో పెట్టడం గురించి మీ భయం న్యాయమైనదే. ఫోన్ నంబర్, ఇంటి అడ్రస్, పుట్టిన తేదీ, హాల్‌టికెట్, ఆధార్ ఏవీ పేజీలో ఉండకూడదు. సంప్రదించడానికి దీనికోసమే తెరిచిన కొత్త మెయిల్ ఒకటి చాలు. తన ఫొటో పెట్టాలని రూలేం లేదు, పెట్టకపోయినా పనికి విలువ తగ్గదు. కామెంట్లు ఆపేయొచ్చు. సెట్టింగ్స్‌లో ఎవరు చూడాలో మనమే ఎంచుకోవచ్చు కాబట్టి మొదటి రెండు నెలలు మీకూ వాళ్ళ మేడమ్‌కీ మాత్రమే కనబడేలా పెట్టి, అంతా బాగుందనుకున్నాక తెరవండి. ఇంకొకటి, ఆ 28 మంది మన ఊరివాళ్ళు. వాళ్ళ పేర్లు, అప్పుల వివరాలు, అడగకుండా తీసిన ఫొటోలు పెట్టకూడదు. రైతు-1, రైతు-2 అని రాస్తే సరిపోతుంది.

కాలేజీ ఇచ్చిన మెయిల్‌తో మాత్రం పేజీ తెరవొద్దు, కోర్సు అయ్యాక అది ఆపేస్తే పేజీ చేజారిపోతుంది. సొంత జీమెయిల్ వాడాలి. అదీ రెండేళ్ళు ముట్టకుండా వదిలేస్తే ఖాతాను తీసేసే నియమం గూగుల్‌కి ఉంది, అందుకని అప్పుడప్పుడూ తెరుస్తూ, ఆరు నెలలకోసారి బ్యాకప్ దించి పెట్టుకోమనండి.

నెలకి ఒక ఆదివారం రెండు గంటలు చాలు, సెమిస్టర్ పరీక్షలప్పుడు అదీ వద్దు. ఈ ఆదివారం పేజీ తెరిచి, ప్రశ్నల కాగితం ఫొటో ఒకటి, దాని కింద పది వాక్యాలు పెట్టమనండి. రాశాక ముందు మీరు చదవండన్నా, ఆ ధరల కష్టం తెలిసినవాళ్ళు మీరే. ఎక్కడ అర్థం కాలేదో పాపకి చెప్పండి, దిద్దుకున్నాక లింక్ నాకు పంపించండి, చూసి చెప్తాను.