హాస్టల్లో నిద్ర పట్టడం లేదు

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లె. భీమవరంలో హాస్టల్లో ఉండి తొమ్మిదో తరగతి చదువుతున్నాను. పరీక్షలంటే గుండె దడ, రాత్రి నిద్ర రాదు. తెల్లవారుజామున నాలుగున్నరకే లేపి యోగా చేయిస్తారు. దాంతో టెన్షన్ తగ్గుతుందా?

జవాబు: తగ్గుతుంది బాబూ, నిద్ర చెడగొట్టి చేయిస్తే మాత్రం కష్టం. నీ వయసుకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. పడుకునే ముందు మంచం మీదే కూర్చుని భ్రామరి చెయ్యి. ముక్కుతో గాలి పీల్చి, పెదాలు మూసి, తుమ్మెదలా ‘మ్‌మ్‌’ అంటూ మెల్లగా వదులు. పీల్చినదాని కంటే వదలడం ఎక్కువసేపు సాగితే గుండె వేగం నెమ్మదిస్తుంది. ఆరేడుసార్లు చాలు. పక్క మంచం వాడు నవ్వుతాడు, నవ్వనీ. నేను వార్డెన్‌గా ఉన్నప్పుడు అలా నవ్వినవాడే వారం తిరక్కుండా గదంతా మోగేలా మొదలెట్టాడు! రెండు వారాలైనా దడ తగ్గకపోతే ఇంట్లో చెప్పు, డాక్టరుకి చూపించుకో. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.