సమాధానం: గోల్డ్ కప్ గెలిచి కోచ్ అయిన కెనడా గోల్‌కీపర్ ఎవరు?

మీ అబ్బాయి ఫుట్‌బాల్ ప్రాజెక్టులో ఇద్దరు గోల్‌కీపర్లు ఒకరిగా కలిసిపోయారండీ. గోల్డ్ కప్ అంటే ఉత్తర, మధ్య అమెరికా, కరీబియన్ దేశాల టోర్నీ. 2000లో దాని ఫైనల్లో కొలంబియా పెనాల్టీని ఆపినది క్రెయిగ్ ఫారెస్ట్. ఆయన ఆట మానేశాక టీవీ వ్యాఖ్యానం వైపు వెళ్లారు. అదే జట్టులో ఉండి కోచింగ్‌లోకి వెళ్లినది వాంకూవర్‌లో పుట్టిన ప్యాట్ ఆన్‌స్టాడ్. అబ్బాయికి కావలసింది ఈయనే.

నన్నడిగితే ఆన్‌స్టాడ్ కథే బాగుంటుంది. అమెరికా ఫుట్‌బాల్ లీగ్ ఎంఎల్ఎస్‌లో మొదటి మ్యాచ్ ఆడేసరికే ఆయనకు 35 ఏళ్లు. ఆ వయసులో చాలామంది గ్లవ్స్ విప్పేస్తారు. ఈయనేమో ఆ ఏడాదే, 2003లో, శాన్ హోసే క్లబ్బు తరఫున లీగ్ కప్పు కొట్టి ఉత్తమ గోల్‌కీపర్ అవార్డు కూడా తీసుకున్నారు. 2006 లీగ్ ఫైనల్ గురించి మాత్రం తప్పక రాయించండి. అప్పటికి ఆయన హ్యూస్టన్ క్లబ్బులో ఉన్నారు. అదనపు సమయంలో న్యూ ఇంగ్లండ్ గోల్ కొట్టిన నిమిషానికే హ్యూస్టన్ సమం చేసింది. పెనాల్టీ షూటౌట్‌లో న్యూ ఇంగ్లండ్ ఆటగాడు జే హీప్స్ కొట్టిన ఆఖరి కిక్‌ను ఆన్‌స్టాడ్ ఆపేశారు, కప్పు హ్యూస్టన్‌ది. 2007లో మళ్లీ గెలిచారు.

2011లో డీసీ యునైటెడ్ క్లబ్బుకు సహాయ కోచ్ అయ్యారు. తర్వాత కొలంబస్ క్రూ క్లబ్బులో పనిచేసి, 2021 చివర్లో జనరల్ మేనేజర్‌గా హ్యూస్టన్‌కే తిరిగొచ్చారు. ఫారెస్ట్ ఫొటో పెట్టేసి ఉంటే ముందు అది మార్చండి.