సూది లేని స్కిన్ ట్రీట్‌మెంట్: మూడు నెలల కోర్సు సరిపోతుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం. సూది గుచ్చకుండా కరెంటుతో మందును చర్మంలోకి పంపే మెషీన్ మీద మూడు నెలల కోర్సు ఉందట. ఫీజు లక్షన్నర. పూర్తవగానే జాబ్ అంటున్నారు. చేర్పించమంటారా? – ఒక తల్లి, కరీంనగర్

జవాబు: ఇప్పుడే వద్దమ్మా. అమ్మాయికి ఆసక్తి ఉన్న రంగం మంచిదే, దారి మాత్రం ఇది కాదు.

మన చర్మం పైపొర వెంట్రుక కంటే పల్చన, 10–20 మైక్రాన్లే. అయినా 500 డాల్టన్లు (అణువు బరువును కొలిచే ప్రమాణం) దాటిన అణువును అది దాదాపుగా లోపలికి రానివ్వదు. దాన్ని దాటించడానికే కరెంటు. ఇందులో రెండు పద్ధతులు చెబుతాను: అయాంటోఫొరెసిస్, ఎలక్ట్రోపొరేషన్. అయాంటోఫొరెసిస్‌లో ఒకే రకం ఆవేశాలు వికర్షించుకుంటాయన్న స్కూలు పాఠమే పనిచేస్తుంది. ఋణావేశం ఉన్న విటమిన్ సి రూపాన్ని ఋణ ధ్రువం కింద పెడితే ఆ ధ్రువం మందును లోపలికి నెడుతుంది. ధ్రువం తారుమారైతే మందు పైనే ఉండిపోతుంది. కరెంటు కూడా చదరపు సెంటీమీటరుకు అర మిల్లీఆంపియర్ దాటకుండా చూసుకుంటారు, లేదంటే చర్మం కాలుతుంది. ఎలక్ట్రోపొరేషన్ వేరు. అందులో క్షణంలో ముగిసే కరెంటు పల్స్‌లు చర్మంలో తాత్కాలికంగా సన్నని దారులు తెరుస్తాయి. పేస్‌మేకర్ ఉన్నవాళ్లకు, గర్భిణులకు, మూర్ఛ ఉన్నవాళ్లకు ఇలాంటివి చేయకూడదు.

అరచేతుల్లో చెమటకు కూడా అయాంటోఫొరెసిస్ కరెంటే వాడతారు. ఒక ఫిజియోథెరపీ విభాగంలో దగ్గరుండి చూశాను. చెమటకు పరీక్ష పేపరు తడిసిపోతోందని ఒక కుర్రాడు వచ్చాడు. చేతులు ముంచడానికి రెండు ట్రేలలో మామూలు కుళాయి నీళ్లు పోశారు. థెరపిస్టు ముందు ఉంగరం తీయించింది, వేళ్ల సందుల్లో గీతలేమైనా ఉన్నాయేమో వెతికి, ఒకచోట కనబడితే వాజలీన్ రాసింది. ఆ తర్వాతే కరెంటు మెల్లగా పెంచింది. మెషీన్ బటన్ ఎవరైనా రెండు రోజుల్లో నేర్చుకుంటారు. ఆ గీతను వెతికే కన్ను రావడానికి ఏళ్లు పడుతుంది, క్లినిక్‌లో నమ్మకం దక్కేది ఆ కంటికే.

అందుకే అమ్మాయిని ఈఏపీసెట్ రాయించండి. బీఫార్మసీలో చేరితే, తర్వాత ఎంఫార్మసీ ప్రవేశ పరీక్ష జీప్యాట్ రాసి ఎంఫార్మసీలో ఫార్మాస్యూటిక్స్ (మందును వాడే రూపంలోకి తెచ్చే శాస్త్రం) తీసుకోవచ్చు. మందును చర్మం గుండా పంపడం అక్కడ ఒక ప్రధాన విషయం. మన హైదరాబాద్ బాలానగర్‌లోని జాతీయ ఫార్మసీ విద్యాసంస్థ నైపర్‌లోనూ ఫార్మాస్యూటిక్స్ ఉంది. రోగుల మధ్య ఉండటమే ఇష్టమైతే బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) చూడండి. కరెంటుతో చేసే చికిత్స, అంటే ఎలక్ట్రోథెరపీ, అందులో భాగమే. చర్మ వైద్యురాలు కావాలంటే ఎంబీబీఎస్, ఆపై ఎండీ, అది చాలా దూరం. నీట్ ఒక్కసారి సరిగా రాకపోతే అంత టెన్షన్ పడకండి.

డిగ్రీ మధ్యలో ఈ చిన్న కోర్సు చేస్తానంటే సరే. అప్పుడు కూడా ఫీజు కట్టేముందు రెండు విషయాలు అడగండి: పాఠం చెప్పేవాళ్లలో చర్మ వైద్యులు ఎవరున్నారు, పోయిన బ్యాచ్‌లో ఉద్యోగం వచ్చిన ఇద్దరితో ఫోన్‌లో మాట్లాడిస్తారా. మాట్లాడించకపోతే ఆ లక్షన్నర బీఫార్మసీ ఫీజుకు దాచండి.