ఆడ సముద్రపు దొంగలు తాము ఆడవాళ్లమని ఓడలో దాచేవారా?

అందరూ దాచలేదు, బాగా పేరున్న ఆన్ బోనీ, మేరీ రీడ్ ఆడవాళ్లేనని ఓడలో అందరికీ తెలుసు. ప్యాంటు వేసుకున్నది పని కోసం, లంగాతో తాళ్లెక్కి, కత్తి పట్టుకుని పక్క ఓడ మీదికి దూకడం అయ్యే పనేనా? 1720లో జమైకాలో జరిగిన విచారణలో, వాళ్ల చేతిలో దోపిడీకి గురైన డొరొతీ థామస్ చెప్పింది: ఒంటి మీద మగవాళ్ల జాకెట్లు, పొడవాటి ప్యాంట్లు, తలకు రుమాలు, చేతిలో కత్తి, పిస్తోలు, అయినా వక్షోజాలు చూసి ఆడవాళ్లని పోల్చుకుందట. ఓడను తరిమేటప్పుడు, పోట్లాడేటప్పుడే మగ బట్టలు, మిగతా వేళల్లో ఆడ బట్టలేనని ఇంకొందరు సాక్షులు చెప్పారు. మేరీ మగవాడిగా సైన్యంలో చేసిందన్న కథ 1724లో వచ్చిన పుస్తకంలోది, విచారణ రికార్డులో లేదు. ఓడలో కూడా మొదట్లో ఆమె మగవేషంలోనే ఉందన్న కథా ఆ పుస్తకంలోదే.