పోర్ట్ ఫార్వర్డింగ్ పనిచేయట్లేదా? రౌటర్ వదిలేసి ముందు వీఎం లోపల చూడండి

వర్చువల్‌బాక్స్‌లో వీఎం (కంప్యూటర్ లోపల నడిచే ఇంకో కంప్యూటర్) చేసి ఉబుంటు వేసుకున్నారు, నాట్‌లో (వీఎంని అసలు కంప్యూటర్ వెనక ఉంచి నెట్ ఇచ్చే పద్ధతి) పోర్ట్ ఫార్వర్డింగ్ రూల్, అంటే అసలు కంప్యూటర్ పోర్ట్‌కి వచ్చిన కనెక్షన్‌ని వీఎం పోర్ట్‌కి పంపే రూల్, రాశారు, అయినా బ్రౌజర్‌లో పేజీ రావట్లేదు, రౌటర్ మార్చాలా అని అడిగారు. రౌటర్ జోలికి వెళ్లకండి. వీఎం లోపల మొదలుపెట్టి బయటికి రండి. నేను బయట మొదలుపెట్టాను, రెండు రోజులు పోయాయి.

తెనాలిలో మా బావగారికి ఎరువుల కొట్టు ఉంది. గోడౌన్ అక్కడికి మూడు కిలోమీటర్లు. ఖరీఫ్ మొదలైతే కొట్టు ముందు రైతులు నిలబడే ఉంటారు. యూరియా ఎన్ని బస్తాలు మిగిలాయో చెప్పాలంటే గోడౌన్‌కి ఫోన్ చేయాలి, అక్కడి కుర్రాడు బస్తాలు దించుతూ ఫోన్ ఎత్తడు. అందుకని జాంగోలో (పైథాన్‌తో వెబ్ పేజీలు రాసే ఫ్రేమ్‌వర్క్) ఒక చిన్న స్టాక్ పేజీ రాసిపెట్టాను. కొట్లో ఉన్నది ఒకే విండోస్ కంప్యూటర్. బిల్లింగ్, రైతుల ఖాతాలు అన్నీ అందులోనే. దాన్ని కదిలించడం ఇష్టం లేక నా పేజీని వీఎంలో పెట్టాను. హోస్ట్ (విండోస్) పోర్ట్ 8080, గెస్ట్ (వీఎం) పోర్ట్ 8000, గెస్ట్ ఐపీ 10.0.2.15. వర్చువల్‌బాక్స్ నాట్ మామూలుగా ఇచ్చే అడ్రస్ అదే.

వీఎంలో పేజీ చక్కగా వస్తోంది. అదే కంప్యూటర్‌లో, విండోస్ బ్రౌజర్‌లో 127.0.0.1:8080 (127.0.0.1 అంటే ఏ కంప్యూటర్‌కైనా తన సొంత అడ్రస్) కొడితే కనెక్షన్ రీసెట్ అయిందంటోంది. పవర్‌షెల్‌లో పోర్ట్ టెస్ట్ చేస్తే ట్రూ అని వచ్చింది. నన్ను తప్పుదారి పట్టించింది ఆ ట్రూనే. పోర్ట్ తెరిచే ఉంది కాబట్టి మధ్యలో ఏదో అడ్డుకుంటోంది అనుకున్నాను. నిజానికి 8080 దగ్గర కూర్చున్నది వర్చువల్‌బాక్స్. వీఎంలో ఎవరున్నా లేకపోయినా ముందు అదే కనెక్షన్ తీసుకుంటుంది, ఆ తర్వాతే లోపలికి వెళ్లి అడుగుతుంది. లోపల ఎవరూ పలకకపోతే బయటి కనెక్షన్ కూడా తెంచేస్తుంది. అంటే ఈ నాట్‌లో బయటి నుంచి చేసే పోర్ట్ టెస్ట్ మీకేమీ చెప్పదు.

అప్పుడు వీడియోలు చూశాను. చూసిన ప్రతి వీడియోలోనూ మొదటి మాట ఒక్కటే: ఫైర్‌వాల్ ఆపేయండి. నేనూ ఆపాను. రైతుల పేర్లు, బాకీలు, ఫోన్ నంబర్లు ఉన్న కంప్యూటర్ ఒక రాత్రంతా ఫైర్‌వాల్ లేకుండా నడిచింది. ఇది తలచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది. అదే కంప్యూటర్ నుంచి 127.0.0.1కి వెళ్లే కనెక్షన్ రౌటర్ దాకా వెళ్లదు, విండోస్ ఫైర్‌వాల్ దాన్ని పట్టించుకోదు. ఆ సలహాకీ ఈ సమస్యకీ సంబంధమే లేదు. అలా చెప్పేవాళ్లలో పని అయ్యాక మళ్లీ ఆన్ చేయండి అన్నవాళ్లు నాకు ఒక్కరూ కనిపించలేదు.

రెండో రోజు సాయంత్రం బావ షట్టర్ సగం దించి, "ఏరా, ఇవాళైనా అవుతుందా?" అన్నాడు. అప్పటికి అన్నీ ఆపేసి, వీఎంలో టీసీపీడంప్ (వచ్చే పోయే ప్యాకెట్లను చూపే కమాండ్) పెట్టి 8000 పోర్ట్ మాత్రం చూపించమన్నాను. విండోస్‌లో రిఫ్రెష్ కొట్టాను. రెండే లైన్లు. మొదటిది 10.0.2.2 (వర్చువల్‌బాక్స్ వైపు అడ్రస్) నుంచి 10.0.2.15కి, ఫ్లాగ్ ఎస్. రెండోది తిరుగు దారిలో, ఫ్లాగ్ ఆర్. ఎస్ అంటే తలుపు కొట్టడం. ఆర్ అంటే ఇక్కడ ఎవరూ లేరు పొమ్మనడం. రూల్ మొదటి నుంచీ సరిగ్గానే పనిచేస్తోంది!

తర్వాత ఎస్ఎస్ కమాండ్‌తో ఏ అడ్రస్‌లో ఎవరు వింటున్నారో చూశాను. 127.0.0.1:8000 అని ఉంది. జాంగో రన్‌సర్వర్‌కి (పేజీని నడిపే కమాండ్) ఏమీ చెప్పకపోతే అక్కడే కూర్చుంటుంది. వీఎంలోని 127.0.0.1 వీఎంకి మాత్రమే. ఫార్వర్డింగ్ వచ్చి తట్టేది 10.0.2.15 తలుపు. రన్‌సర్వర్ పక్కన 0.0.0.0:8000 అని, అంటే వీఎంలోని అన్ని అడ్రస్‌ల మీదా వినమని, చేర్చగానే పేజీ వచ్చింది. ఇలాంటి ప్రశ్నల్లో ఎక్కువ వాటికి జవాబు ఇదేనని నా గట్టి నమ్మకం, మీదీ ఇదే అయ్యుంటుంది.

టీసీపీడంప్‌లో ఎస్ అసలు రాకపోతే రూల్‌లో ఐపీ గానీ పోర్ట్ గానీ తప్పు. ఎస్ మళ్లీ మళ్లీ వస్తూ జవాబు ఏదీ వెళ్లకపోతే ఉబుంటులోని ఫైర్‌వాల్ యూఎఫ్‌డబ్ల్యూ దాన్ని మింగేస్తోంది, ఆ ఒక్క పోర్ట్‌కి అనుమతి ఇవ్వండి చాలు. ఫోన్‌లో తెరిస్తే 400 ఎర్రర్ వస్తే అది నెట్‌వర్క్ గొడవ కాదు, జాంగో అలౌడ్ హోస్ట్స్‌లో (ఏ అడ్రస్‌లతో పేజీ తెరవొచ్చో రాసే సెట్టింగ్) ఆ కంప్యూటర్ ఐపీ చేర్చాలి. బ్రిడ్జ్‌డ్ మోడ్‌కి (వీఎం నేరుగా ఇంటి నెట్‌వర్క్‌లో చేరే పద్ధతి) మారమని కొందరంటారు. వైఫై మీద అది అన్ని అడాప్టర్లతో కుదరదు, కుదిరినా ఇందాకటి 127.0.0.1 తప్పు అలాగే ఉంటుంది.

ఇక ఇంటి బయటి నుంచి చూడాలంటే ముందు రౌటర్ పేజీలో వాన్ ఐపీ (నెట్ కంపెనీ మీ రౌటర్‌కి ఇచ్చిన అడ్రస్) చూడండి. మా దాంట్లో అది 100.72తో మొదలైంది. 100.64 నుంచి 100.127 వరకు ఉన్న అడ్రస్‌లను 2012లో నెట్ కంపెనీల లోపలి వాడకానికే కేటాయించారు. ఒకే పబ్లిక్ ఐపీని చాలా ఇళ్లకు పంచుతారు కాబట్టి మీ రౌటర్‌లో ఎన్ని రూల్స్ రాసినా బయటివాళ్లు మీ దాకా రాలేరు. కనెక్షన్ ఇచ్చేటప్పుడు ఈ ముక్క ఎవరూ చెప్పరు. మేం కస్టమర్ కేర్‌కి నాలుగుసార్లు ఫోన్ చేస్తే నాలుగుసార్లూ రౌటర్ రీస్టార్ట్ చేయమన్నారు.

చివరికి వీఎంలోనూ బావ ఫోన్‌లోనూ టెయిల్‌స్కేల్ (మన పరికరాలను ఒక సొంత ప్రైవేట్ నెట్‌వర్క్‌లో కలిపే యాప్) వేశాను. బయటికి ఏ పోర్టూ తెరవలేదు, విండోస్ ఫైర్‌వాల్ ఆన్‌లోనే ఉంది. గోడౌన్ కుర్రాడి ఫోన్‌లోనూ అదే వేశాను, బస్తాలు దించగానే వాడే అంకె మారుస్తాడు.

మీరు టీసీపీడంప్ పెట్టి ఒక్కసారి రిఫ్రెష్ కొట్టి, వచ్చిన లైన్లు కామెంట్‌లో పెట్టండి. ఎస్ఎస్ కమాండ్‌లో 8000 పక్కన ఏ అడ్రస్ ఉందో కూడా రాయండి. రాత్రి చూసి చెప్తాను.